ఊరికి ఊపిరి: తోట, మైదానం, సముద్రపు ఒడ్డు

(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి ఏడూ ఈ సభలో మనం చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పేద పిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకొంటాము. ఈసారి పార్కులు, ఆటస్థలాలు, సముద్రపు ఒడ్డు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. ఆ మాట బయటికి రాగానే మనవాళ్లలో కొందరు నవ్వారు. "ఇవి కడుపు నిండినవాళ్ల కబుర్లండీ, మనకెందుకు?" అన్నారు ఒక పెద్దమనిషి. ఆయన మాటను మేము తేలికగా తీసుకోవటం లేదు. మా ప్రసంగమంతా ఆ ప్రశ్నకు జవాబే అనుకోండి.

పార్కు ఎవరికి కావాలి? పెద్ద ఇల్లు, ఇంటి చుట్టూ కాంపౌండు, కాంపౌండులో నాలుగు మామిడి చెట్లు ఉన్నవాడికి పార్కుతో పని లేదు. ఒకే గదిలో ఆరుగురు కాపురముండే ఇంటి సంగతి చూడండి. సాయంత్రం బడి నుండి వచ్చిన పిల్లవాడు ఎక్కడికి పోవాలి? ఇంట్లో చోటు లేదు. సందులో ఆడితే మోటారు సైకిళ్లు. మిగిలింది కిళ్లీ బడ్డీ ముందరి బల్ల, లేకపోతే చేతిలో సెల్‌ఫోను. చక్కెర వ్యాధి వచ్చిన పెద్దాయనను డాక్టరుగారు రోజూ అరగంట నడవమన్నారు. ఎక్కడ నడుస్తాడు? లారీలు పోయే రోడ్డు పక్కన నడుస్తాడు. పొద్దస్తమానం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చొన్నవాడికి, కుట్టు మిషను మీద వంగి నడుం పట్టేసిన ఆడమనిషికి గాలి తగిలే జాగా ఏది? పార్కు అంటే పేదవాడి వాకిలి. ఆ వాకిలిని ఎవరో ఆక్రమించుకొంటుంటే కడుపు నిండినవాడికి నష్టం లేదు. నష్టమంతా మనకే.

మూడు జాగాలు, మూడు జబ్బులు

మన చీరాల వంటి సముద్రపు దాపున ఉన్న చిన్న పట్టణానికి మూడు రకాల ఉమ్మడి జాగాలుంటాయి. ఒకటి పార్కు, రెండు ఆటల మైదానం, మూడు సముద్రపు ఒడ్డు. మూడింటినీ ఒకే గాటన కట్టి "శుభ్రంగా ఉంచాలి" అంటే సరిపోదు. ఎందుకంటే మూడూ మూడు రకాల జబ్బులతో చస్తున్నాయి.

పార్కు నీళ్లు లేక, తాళం పడి చస్తుంది. ప్రారంభోత్సవం నాడు రంగు రంగుల పూల మొక్కలు, ఫౌంటెను, శిలాఫలకం. రెండేళ్లు తిరిగేసరికి ఫౌంటెనులో చెత్త, ఊయల గొలుసు తెగిపోయి ఒకటే కొస వేలాడుతూ ఉంటుంది. "ఆకతాయిలు చేరుతున్నారు" అని గేటుకు తాళం వేస్తారు. ఆకతాయిలు గోడ దూకి వస్తారు. రానిది ముసలివాళ్లు, ఆడవాళ్లు, పసిపిల్లలు మాత్రమే.

మైదానం ఆక్రమణతో చస్తుంది. ఒక మూల నీళ్ల ట్యాంకు, ఇంకో మూల ఏదో ఒక ఆఫీసు, రోడ్డు వైపున నాలుగు బడ్డీలు, ఎండాకాలంలో ఎగ్జిబిషను, ఎన్నికలప్పుడు సభలు. ప్రతిదీ మంచి పనే, ప్రతిదీ "కొంచెం జాగాయే గదా" అనే వస్తుంది. చివరకు మిగిలిన దానిలో బంతి విసరడానికి కూడా చోటుండదు.

సముద్రపు ఒడ్డు మాత్రం తనకు యజమాని లేక చస్తుంది. ఓడరేవు మన పట్టణానికి ఆరేడు కిలోమీటర్ల దూరం. ఆదివారం వెళ్లేది పట్టణంలోని జనం, ఒడ్డు ఉన్నది మాత్రం పంచాయతీలో. మనం తిని పారేసిన ప్లేట్లు, తాగి పగలగొట్టిన సీసాలు ఎత్తవలసింది ఆ ఊరివారు. పన్ను మనం మున్సిపాలిటీకి కడతాము, చెత్త పంచాయతీకి ఇస్తాము. ఇది న్యాయమా?

చట్టం మన పక్షాన ఉన్నది

"ఇవన్నీ గవర్నమెంటువారి దయ మీద ఆధారపడినవి" అని మనలో చాలామంది అనుకొంటారు. అది పొరపాటు. 1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చింది. దాని ద్వారా రాజ్యాంగంలో చేరిన పన్నెండవ షెడ్యూలులో మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 పనులు వ్రాసి యున్నవి. అందులో పన్నెండవది పార్కులు, తోటలు, ఆటస్థలాల వంటి సౌకర్యాలు. అంటే మంచినీళ్లు, రోడ్లు, పారిశుధ్యంతోపాటు వీటిని కూడా ఆ పట్టీలో వ్రాశారన్నమాట.

అట్లాగే కొత్తగా లేఅవుటు వేసినప్పుడు మొత్తం విస్తీర్ణంలో కనీసం పదవ వంతు ఖాళీ స్థలంగా విడిచి, దానిని స్థానిక సంస్థకు గిఫ్టు డీడు ద్వారా రిజిస్టరు చేయవలెనని మన రాష్ట్ర నిబంధనలు చెబుతున్నవి. పది ఎకరాల లేఅవుటులో ఒక ఎకరం, అంటే 4,840 గజాలు ఊరిది. ఆ గజాలు కాగితం మీద ఉండి నేల మీద కనిపించకపోతే అడిగే హక్కు మనకున్నది. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ప్రకారం అర్జీ పెడితే 30 రోజులలోపు జవాబివ్వాలి. ఏ లేఅవుటులో ఎన్ని గజాలు విడిచారు, హద్దులేవి, రిజిస్టరు నెంబరేది, ఈ మూడు ప్రశ్నలు చాలు. గొడవ అక్కరలేదు, ఊరేగింపు అక్కరలేదు. ఒక కాగితం, ఒక కలం, కొంచెం ఓపిక.

ఇంకొక సంగతి. బెంగుళూరులో పార్కుకని విడిచిన స్థలాన్ని ఒక ప్రైవేటు ట్రస్టుకు ఆసుపత్రి కట్టుకోవడానికి కేటాయించారు. ఆ పేటలోని మామూలు నివాసులు కోర్టుకెక్కారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆసుపత్రి కూడా మంచిదే గదా అన్న వాదాన్ని 1991లో సుప్రీంకోర్టు అంగీకరించలేదు. పార్కు స్థలాన్ని అట్లా మార్చటం చెల్లదని తీర్పు చెప్పింది. గమనించండి, కోర్టుకు వెళ్లినవారు మంత్రులు కారు, కోటీశ్వరులు కారు. పొరుగున కాపురముంటున్నవారు.

ఆ బెంగుళూరులోనే లాల్‌బాగ్ ఉన్నది. 1760లో హైదర్ అలీ వేయించిన తోట. కొడుకు టిప్పు సుల్తాను దానిని పెంచాడు. రాజ్యాలు పోయాయి, తెల్లవాళ్లు వచ్చారు, వారూ పోయారు, తోట మాత్రం ఉన్నది. వేసినవాడు ఒకడైతే కాపాడినవారు వేలమంది. పొద్దున్నే పాదులు చేసి నీళ్లు పెట్టిన తోటమాలుల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. తోట నిలిచినది వారి వలననే.

పార్కు నడవాలంటే

ఇక పని సంగతికి వద్దాము. మన ఊళ్లలో పార్కు అనగానే పచ్చగడ్డి పరవాలనే మోజొకటి పట్టుకొన్నది. సముద్రపు దాపున ఉన్నది ఇసుక నేల. నీరు పోస్తే నిలవదు. ఎండాకాలంలో గడ్డికి చదరపు మీటరుకు రోజుకు నాలుగైదు లీటర్ల నీరు పడుతుంది. ఎకరం పార్కులో సగం గడ్డి పరిస్తే అది రెండు వేల చదరపు మీటర్లు, అంటే రోజుకు ఎనిమిది నుండి పదివేల లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు రెండు! జనం బిందెలు పట్టుకొని క్యూలో నిలబడే రోజుల్లో గడ్డికి రెండు ట్యాంకర్లు పోయిస్తే ఊరు ఊరుకుంటుందా? నీళ్లు ఆపుతారు, గడ్డి ఎండుతుంది, గేటుకు తాళం పడుతుంది.

అందుకే మా మనవి ఏమంటే, గడ్డి తగ్గించి చెట్టు పెంచండి. వేప, కానుగ, నేరేడు, బాదం ఈ నేలలో బ్రతుకుతాయి. మొదటి రెండు మూడు ఎండాకాలాలు పాదులో నీరు పోస్తే తరువాత వాటి బ్రతుకు అవే చూసుకొంటాయి. చెట్టు కింద ఒక అరుగు, చుట్టూ నడవడానికి మట్టి బాట, రాత్రి ఎనిమిదింటి దాకా దీపం, తాగడానికి నీళ్లు, ఆడవాళ్లకు తలుపు సరిగా పడే మరుగుదొడ్డి. ఫౌంటెను లేకపోయినా పార్కు నడుస్తుంది, మరుగుదొడ్డి లేకపోతే నడవదు. ఈ చివరి మాట మగవాళ్లకు అంతగా తట్టదు. ఇంట్లో అడిగి చూడండి, "ఎందుకు రావటం లేదు?" అంటే మొదటి కారణం అదే చెబుతారు.

ఆడవాళ్ల సంగతి ఎత్తాము గనుక ఇంకో మాట. మన ఆడపిల్లలు పార్కుకు రారని, వారికి ఇష్టం లేదని మనమే తీర్పు చెప్పేస్తున్నాము. దీపం లేని చోటికి, గోడ మీద కూర్చొని వ్యాఖ్యానించే కుర్రాళ్ల ముందరికి ఏ ఇంటి ఆడపిల్ల వస్తుంది? వారంలో కొన్ని పూటలు స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేకించి, గేటు దగ్గర ఒక మనిషిని పెట్టి చూడండి. బురఖా వేసుకొన్న అమ్మాయి, పూలు పెట్టుకొన్న అమ్మాయి ఒకే అరుగు మీద కూర్చొని మాట్లాడుకొంటారు. ఊరికి అంతకంటె కావలసిందేమున్నది?

అన్నిటికంటె ముఖ్యం మనిషి. కట్టడానికి డబ్బు వస్తుంది, కాపాడటానికి రాదు. 2015లో ప్రారంభమైన అమృత్ పథకంలో పార్కులకు కూడా కొంత భాగం కేటాయించారు. అటువంటి పథకాలు పార్కు కట్టి ఇస్తాయి గాని, పదేళ్లపాటు తోటమాలి జీతం ఇవ్వవు. పార్కు మంజూరయిన రోజే తోటమాలి జీతం ఏ పద్దు నుండి వస్తుందో అడగండి. జవాబు లేకపోతే ఆ శిలాఫలకం మీద ఇప్పుడే రెండో తేదీ కూడా చెక్కించవచ్చు.

మైదానం ఎవరిది?

మైదానంలో తగవు వేరు. అక్కడ అందరూ వస్తారు, బలమున్నవాడిదే రాజ్యం. పెద్ద కుర్రాళ్లు క్రికెట్టుకని మొత్తం ఆక్రమించుకొంటే చిన్నవాళ్లు గోడ వారగా నిలబడి బంతులు ఏరి ఇస్తుంటారు. వాలీబాలు, కబడ్డీ ఆడేవాళ్లకు చోటు లేదు, ఆడపిల్లలు ఆ వైపు చూడనే చూడరు. దీనికి మందు పెద్దది కాదు. ఒక బోర్డు మీద వేళలు వ్రాయించటం. తెల్లవారి నడిచేవాళ్లకు, బడి వేళ బడిపిల్లలకు, సాయంత్రం మొదటి గంట పన్నెండేళ్లలోపు వాళ్లకు, తరువాత పెద్దవాళ్లకు. ఆ వేళలు పాటింపజేయటానికి ఆ కుర్రాళ్లలోనే ఇద్దరిని పెద్దలుగా పెట్టండి. బయటివాడు చెబితే వినరు, తమ కెప్టెను చెబితే వింటారు.

ఎగ్జిబిషన్లకు, సభలకు అద్దెకిస్తే రాబడి వస్తుంది, కాదనము. కాని గుంజలు పాతిన గుంతలు ఎవరు పూడుస్తారు? లారీలు తిరిగి నేల గట్టిపడితే పిల్లవాడు పడ్డప్పుడు మోకాలు పగిలేది ఎవరికి? అద్దెతోపాటు డిపాజిట్టు కట్టించుకొని, నేల చదును చేసి మేకులు ఏరించిన తరువాతనే తిరిగి ఇవ్వాలి. ఆ అద్దె ఆ మైదానానికే ఖర్చు కావాలి. ఏడాదిలో ఎన్ని రోజులకు మించి ఇవ్వకూడదో ముందే నిర్ణయించాలి.

ఇక ఇక్కడ మన ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఇతరుల ఆక్రమణల గురించి ఇంతసేపు మాట్లాడి మన దగ్గరకు వచ్చేసరికి ఊరుకొంటే న్యాయం కాదు. చాలా ఊళ్లలో ఈద్గా మైదానాలున్నవి. ఏడాదికి రెండు ఉదయాలు అక్కడ నమాజు జరుగుతుంది. మిగిలిన రోజుల్లో ఆ చుట్టుపట్ల పిల్లలు, అన్ని మతాల పిల్లలు, ఆడుకొంటారు. "రోడ్డు వైపు ఒక వరుస షాపులు కట్టిస్తే నెలనెలా అద్దె, దాంతో ఇంకా పదిమంది పిల్లలకు స్కాలర్‌షిప్పులు" అనే మాట మన సమావేశాల్లో కూడా వస్తూనే ఉన్నది. అన్నవారి మనసు మంచిదే. స్కాలర్‌షిప్పు వద్దనటానికి ఎవరికి నోరొస్తుంది?

అయినా మేము వద్దనే అంటున్నాము. మూడు కారణాలు. మొదటిది, ఊరు పెరిగే కొద్దీ పండుగనాడు జనం పెరుగుతారు గాని నేల పెరగదు. ఈరోజు వరుస షాపులు, రేపు రోడ్డు మీద సఫ్‌లు. రెండవది, ఒకసారి కట్టిన షాపు మళ్లీ ఖాళీ కాదు. అద్దె పెంచబోతే కోర్టు, ఖాళీ చేయించబోతే కోర్టు. మూడవది, మున్సిపాలిటీవారు రేపు పిల్లల మైదానంలో ఆఫీసు కడతామంటే మనం ఏ మొహంతో అడ్డం చెబుతాము? "మీరు చేస్తే ధర్మం, మేము చేస్తే ఆక్రమణా?" అంటారు. స్కాలర్‌షిప్పులకు డబ్బు కావాలంటే ఇంటింటికీ తిరిగి మేమూ అడుగుతాము. ఖాళీ నేలను మాత్రం ఖాళీగానే ఉంచండి. దాని ఖాళీతనమే దాని ఉపయోగం.

సముద్రంతో వేళాకోళం వద్దు

సముద్రపు ఒడ్డు గురించి చెప్పేటప్పుడు మొదట ప్రాణాల సంగతి చెప్పాలి. పండుగ మర్నాడు, కార్తీక పౌర్ణమినాడు, ఆదివారాలు, పరీక్షలు అయిపోయిన రోజు, ఇవే మన తీరంలో పిల్లలు పోయే రోజులు. పత్రికల్లో ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాము. పోయినవాళ్లలో ఈత వచ్చినవాళ్లు కూడా ఉంటారు. కారణమేమిటి?

అలలు నీటిని ఒడ్డుకు తోస్తుంటాయి. ఆ నీరు తిరిగి పోవాలి గదా! ఇసుకదిబ్బల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ ఒక కాలువలాగ కూడుకొని లోపలికి వేగంగా పోతుంది. ఆ చోట అల విరగదు, నీరు ప్రశాంతంగా కనబడుతుంది. "ఇక్కడ అలలు లేవు, ఇక్కడే దిగుదాం" అని కుర్రాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. లోపలికి లాగేసరికి భయపడి ఒడ్డుకు ఎదురీదుతారు, అలసిపోతారు, మునుగుతారు. ఎదురీదకూడదు. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ లాగుడు వెడల్పు తక్కువ, పక్కకు రాగానే వదిలేస్తుంది, అప్పుడు అలలతోపాటు ఒడ్డుకు చేరవచ్చు. ఈ నాలుగు వాక్యాలు ప్రతి బడిలో, ప్రతి మదర్సాలో, ప్రతి ట్యూషనులో చెప్పించండి. తడిసిన బురఖా, తడిసిన చీర కాళ్లకు చుట్టుకొని బరువెక్కుతాయి గనుక ఆడవాళ్లు మోకాలి లోతు దాటకూడదు. మునిగేవాడి కోసం ఈత రానివాడు దూకకూడదు, తాడో, ఖాళీ డబ్బానో, ట్యూబో విసరాలి.

కాపాడేవాళ్లను ఎక్కడినుండో తేనక్కరలేదు. ఆ ఒడ్డున పుట్టి పెరిగిన మత్స్యకార యువకులకు సముద్రం ఏ రోజు ఏ మూడ్‌లో ఉన్నదో మనకంటె బాగా తెలుసు. వారికి శిక్షణ, ఈల, తాడు, లైఫ్ జాకెట్టు, ముఖ్యంగా సెలవు రోజుల్లోనైనా తప్పక జీతం ఇవ్వాలి. శవం తేలిన తరువాత గజ ఈతగాళ్లను పిలిపించడానికి అయ్యే ఖర్చులో కొంత ముందే ఖర్చు పెడితే శవం తేలనే తేలదు. ఎర్రజెండా ఉంటే దిగరాదు, ఎరుపు పసుపు కలిసిన జెండాల మధ్య మాత్రమే స్నానం చేయాలి అన్నది అనేక దేశాల్లో పాటిస్తున్న పద్ధతి. రెండు గుడ్డలు, రెండు కర్రలు. మనకు అందని ఖర్చేమీ కాదు.

2004 డిసెంబరు 26 మరచిపోకూడదు. ఆ రోజు ఆదివారం, పౌర్ణమి కూడా. ఉదయం సునామీ వచ్చినప్పుడు మన రాష్ట్ర తీరంలో వందమందికి పైగా పోయారు. ఒడ్డున సరుగుడు తోటలు, ఇసుకదిబ్బలు అందానికి మాత్రమే ఉన్నవి కావు. గాలి విసురును, ఎగసివచ్చే నీటి విసురును కొంతైనా తగ్గించేవి అవే. పార్కింగు కోసమని దిబ్బను చదును చేస్తే మన గోడను మనమే పడగొట్టుకొన్నట్లు.

ఒడ్డున కట్టడాల సంగతి కూడా తెలిసి ఉండాలి. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు మొదట 1991లో వచ్చాయి, 2011లోను, 2019లోను మార్చారు. పోటు నీరు తాకే గీత నుండి 500 మీటర్ల వరకు వాటి పరిధి. 2019 నిబంధనల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనమున్న పల్లె ప్రాంతంలో ఆ గీత నుండి 50 మీటర్లు, అంతకంటె తక్కువ జనమున్న చోట 200 మీటర్లు కట్టడాలు లేకుండా విడవాలి. బీచి అభివృద్ధి అంటూ ఎవరైనా సిమెంటు బస్తాలతో వస్తే ముందు ఈ లెక్క అడగండి.

ఇంకొక మాట. ఆ ఒడ్డు మనకు ఆదివారపు విహారం, మత్స్యకారునికి ఏడు రోజుల కార్ఖానా. అతని పడవ మీదెక్కి ఫోటోలు తీయించుకోవటం, ఆరబెట్టిన వలను తొక్కటం మన షాపులోకి ఎవరో వచ్చి తాను విప్పి తొక్కినట్లే. చలికాలం నుండి వేసవి మొదటి వరకు రాత్రివేళ సముద్రపు తాబేళ్లు ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. ఆ పిల్లలు వెలుతురును చూసి సముద్రమనుకొని అటు నడుస్తాయి. ఒడ్డున పెద్ద లైట్లు వెలిగిస్తే రోడ్డు వైపు వచ్చి చస్తాయి. ఆ నెలల్లో సముద్రం వైపు లైట్లు తగ్గించటం మన ధర్మం.

బిరుదులు చూసి మురిసిపోకూడదని కూడా చెప్పాలి. విశాఖ ఋషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగు అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. నిర్వహణ సరిగా లేదని 2025లో కొన్నాళ్లపాటు దానిని ఆపారు. లోపాలు సరిదిద్దిన తరువాత మళ్లీ వచ్చింది. జెండా ఎగరేయటం ఒక రోజు పని, దాన్ని దించకుండా ఉంచటం ప్రతిరోజు పని.

డబ్బు ఎక్కడిది? మన చీరాల చెప్పే పాఠం

ఈ ఊరివాళ్లకు పన్నుల గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 1919లో చీరాల, పేరాలలను కలిపి మున్సిపాలిటీ చేశారు. ఏడాదికి నాలుగు వేల రూపాయలుండే పన్ను నలభై వేలకు పెరిగింది. సౌకర్యం పెరగలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన 1921లో జనం ఇళ్లు వదిలి ఊరి బయట రామనగరం పేరుతో పాకలు వేసుకొని దాదాపు పదకొండు నెలలు ఎండకు, వానకు ఓర్చుకొన్నారు. రామదండు అనే వాలంటీర్లు క్రమశిక్షణ చూశారు, తమ తగవులు తామే తీర్చుకొన్నారు.

ఆ చరిత్రలో మనకు రెండు పాఠాలున్నవి. ఒకటి, పన్ను కట్టేవాడికి లెక్క అడిగే హక్కున్నది. ఆస్తి పన్ను 2021 నుండి మన రాష్ట్రంలో ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు. అందులో పార్కుకెంత, మైదానానికెంత అని బడ్జెటు తయారయ్యే వేళకే అడగాలి. కౌన్సిలు ఉన్నప్పుడు కౌన్సిలరును, లేనప్పుడు స్పెషలాఫీసరును. రెండు, ఉత్సాహం ఒక్కటే చాలదు. అంతటి త్యాగం కూడా నాయకుడు జైలుకు పోయి, నిధులు అడుగంటేసరికి నిలవలేకపోయింది. కనుక ఒక ఆదివారం చీపుర్లు పట్టుకొని ఫోటో దిగటంతో పని కాదు. చిన్న మొత్తమైనా నెలనెలా రావాలి, ఒక మనిషి రోజూ ఉండాలి.

పార్కు గేటు దగ్గర టిక్కెట్టు పెట్టి డబ్బు తేవచ్చునని కొందరంటారు. టిక్కెట్టు పెట్టిన రోజున మొదట ఆగిపోయేది ఎవరి కోసం పార్కు కట్టామో వాళ్లే. వాహనాల పార్కింగుకు, దుకాణాలకు, ఎగ్జిబిషన్లకు రుసుము తీసుకోండి. నడిచి వచ్చేవాడి దగ్గర తీసుకోకండి. సముద్రపు ఒడ్డున వసూలయ్యే పార్కింగు డబ్బులో నుండే పంచాయతీ చెత్త బండికి, ఈతగాళ్లకు జీతం ఇవ్వాలి. దీనికి మున్సిపాలిటీ, పంచాయతీ కలిసి కూర్చోవాలి. వాళ్లను కూర్చోబెట్టే పని మనలాంటి సంఘాలది.

మా మనవి

కాలం మించుతున్నది, అధ్యక్షులవారు గడియారం వైపు చూస్తున్నారు. ఈ సభ ముందు అయిదు తీర్మానాలు ఉంచి ముగిస్తాము.

మొదటిది, మన వార్డులలో ఊరి పేర రిజిస్టరయిన ఖాళీ స్థలాల జాబితా అర్జీ పెట్టి తెప్పించి, హద్దులు కొలిపించి, ఈ సంచికలోనే వచ్చే ఏడు ప్రకటించాలి.

రెండవది, ఒక్క పార్కును తీసుకొని, ఇతర సంఘాలతో కలిసి ఒక కమిటీగా, మూడేళ్లపాటు చెట్లకు నీళ్ల బాధ్యత వహించాలి. పది పార్కులు వద్దు, ఒక్కటి చాలు.

మూడవది, ఈద్గా వంటి ఉమ్మడి ఖాళీ నేలల్లో షాపులు కట్టే ఆలోచన ఈ సంఘం పక్షాన మానుకోవాలి.

నాలుగవది, రంజాను, బక్రీదు పండుగల తరువాత రెండు రోజులు మన వాలంటీర్లు ఓడరేవు ఒడ్డున తాళ్లు, ఈలలతో నిలబడాలి. మత్స్యకారుల పెద్దల సలహా ప్రకారమే నిలబడాలి. 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్కు వస్తువులు అనేకం నిషేధింపబడినవి గనుక, మనం పంచే బిరియానీ విస్తరాకులో పంచాలి.

అయిదవది, మన ఆడపిల్లలకు ఈత, ఆటలు నేర్పే ఏర్పాటు గురించి ఆలోచించటానికి ఆడవాళ్లతోనే ఒక ఉపసంఘం వేయాలి. వారి తరఫున మనం తీర్పులు చెప్పటం ఇకనైనా మానుదాము.

మూడవ తీర్మానం కొందరికి చేదుగా ఉంటుందని తెలుసు. చేతులెత్తే ముందు ఒక్కసారి మీ ఇంట్లో పదేళ్ల పిల్లవాణ్ణి అడిగి రండి, "షాపు కావాలా, మైదానం కావాలా?" అని. ఓటు మీదే, జవాబు మాత్రం వాడిది.